పేలియో పాటించే ఇంట్లో బార్బెక్యూ: చిక్కంతా మాంసం చుట్టూ ఉన్నవాటితోనే

డిసెంబరు చలిలో మేడ మీద బొగ్గులు రాజేసి, నలుగురినీ పిలిచి మాంసం కాల్చుకు తినడం హైదరాబాద్, బెంగళూరు, పుణె వంటి నగరాల్లో ఇప్పుడు మామూలు వేడుకే. చిన్న గ్రిల్లు, బొగ్గుల సంచి, ఇనుప చువ్వలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతున్నాయి. ఆ ఇంటి యజమాని పేలియో డైట్‌లో ఉన్నారంటే పని మరింత తేలికనిపిస్తుంది. పేలియో అంటే మాంసం, బార్బెక్యూ అంటే మాంసం. ఇక ఇబ్బంది ఏముంటుంది?

వంట మొదలుపెట్టాక గానీ ఇబ్బంది తెలియదు. చికెన్ టిక్కాకు పెరుగు పట్టించాలి. పేలియోలో పెరుగు లేదు. సీక్ కబాబ్ విడిపోకుండా శనగపిండి కలపాలి. అదీ లేదు. పనీర్, మొక్కజొన్న పొత్తులు, రుమాలీ రోటీ, సోయా సాస్, టమాటా కెచప్, మజ్జిగ, బీరు అన్నీ నిషేధ జాబితాలోనే ఉన్నాయి. వచ్చే పన్నెండు మందిలో ముగ్గురు శాకాహారులు, ఒకరు ఇన్సులిన్ తీసుకునేవారు, ఇద్దరు పిల్లలు ఉంటే లెక్క ఇంకా మారుతుంది. ఇంటివారి ఆహార నియమం ఇంతమంది పళ్లేల్లో ఏముండాలో నిర్ణయించవచ్చా? ఇలాంటి విందులో అసలు తేల్చుకోవాల్సింది ఇదే.

పేలియో అంటే ఏమిటి?

వ్యవసాయం మొదలుకాక ముందు మనిషి తిన్నట్టు తినాలన్నది పేలియో వాదం. అమెరికా వైద్యుడు వాల్టర్ వోగ్ట్లిన్ 1975లో రాతియుగపు ఆహారం గురించి పుస్తకం రాశారు. 1985లో బోయ్డ్ ఈటన్, మెల్విన్ కానర్ ప్రఖ్యాత వైద్య పత్రిక న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసంతో ఈ ఆలోచన వైద్యరంగంలో చర్చకు వచ్చింది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు లోరెన్ కార్డెయిన్ 2002లో తెచ్చిన పుస్తకంతో సామాన్య పాఠకులకు చేరింది.

నియమాలు చెప్పడానికి సులువే. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, బాదం, జీడిపప్పు వంటి గింజలు, కొబ్బరి తినవచ్చు. బియ్యం, గోధుమ, జొన్న, రాగి వంటి ధాన్యాలన్నీ మానాలి. కంది, పెసర, శనగ, వేరుశనగ, సోయా వంటి పప్పుజాతి గింజలు వద్దు. పాలు, పెరుగు, పనీర్ వద్దు. చక్కెర, రిఫైన్డ్ నూనెలు, ప్యాకెట్ ఆహారాలు వద్దు. ఉప్పు బాగా తగ్గించాలి. బంగాళాదుంప, నెయ్యి విషయంలో మాత్రం పేలియో అనుచరుల్లోనే ఏకాభిప్రాయం లేదు.

దీన్ని కీటోతో కలిపి చూడటం తెలుగునాట తరచూ జరిగే పొరపాటు. వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహార విధానం పిండిపదార్థాలను బాగా తగ్గించి కొవ్వు మీద నడిపిస్తుంది కాబట్టి అది కీటోకు దగ్గర. పేలియోలో పండ్లకు, చిలగడదుంపకు, కాస్త తేనెకు చోటుంది. తమిళనాడులో నియాండర్ సెల్వన్ అనే కలం పేరున్న రచయిత, ఆయన మొదలుపెట్టిన ఫేస్‌బుక్ బృందం ద్వారా వ్యాపించిన పేలియో మరో రకం. అది పాల పదార్థాలను పూర్తిగా వదల్లేదు. శాకాహారులకు బాదం, పనీర్ అందులో ముఖ్యం. మన ప్రాంతపు వంటింటికి వచ్చేసరికి అమెరికా జాబితా యథాతథంగా నిలవలేదని దీన్నిబట్టే తెలుస్తోంది.

రాతియుగపు మనిషి ఏం తిన్నాడు?

పేలియో చెప్పే కథకూ పురావస్తు ఆధారాలకూ మధ్య దూరం ఉంది. ఇరాక్‌లోని షనిదార్ గుహలో దొరికిన నియాండర్తల్ మానవుల పళ్లపై పేరుకున్న గారలో, బార్లీకి దగ్గరి జాతి గింజల పిండి రేణువులను శాస్త్రవేత్తలు 2011లో గుర్తించారు. వాటిలో కొన్ని ఉడికినట్టు ఆనవాళ్లున్నాయి. మొజాంబిక్‌లోని ఒక గుహలో సుమారు లక్ష ఏళ్ల నాటి రాతి పనిముట్లపై అడవి జొన్న పిండి రేణువులు కనిపించాయని 2009లో ఒక పరిశోధన వెల్లడించింది. ఆ జొన్నను తిన్నారా, మరో పనికి వాడారా అన్న చర్చ ఉన్నా, ధాన్యం గురించి ఆనాటి మనిషికి తెలియదన్న మాట మాత్రం నిలవదు. జోర్డాన్‌లో వ్యవసాయానికి ముందే, సుమారు 14 వేల ఏళ్ల కిందట రొట్టె కాల్చిన ఆనవాళ్లు కూడా బయటపడ్డాయి.

ఆనాటి ఆహారం అంతటా ఒక్కటి కాదు. సముద్రతీరంలో చేపలు, ఆల్చిప్పలు, అడవిలో దుంపలు, పండ్లు, మంచు ప్రాంతాల్లో వేట మాంసం. అప్పటి అడవి జంతువుల మాంసంలో కొవ్వు తక్కువ. ఇప్పటి బ్రాయిలర్ కోడి దానికి సాటి రాదు. నిప్పుతో మనిషి బంధం మాత్రం నిజంగానే పాతది. దక్షిణాఫ్రికాలోని వండర్‌వెర్క్ గుహలో సుమారు 10 లక్షల ఏళ్ల కిందటే నిప్పు వాడినట్టు ఆధారాలు దొరికాయి.

మరి పేలియోతో ఫలితం కనిపించిందని చెప్పేవాళ్ల మాట అబద్ధమా? కాదు. 159 మంది పాల్గొన్న నాలుగు ప్రయోగాలను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో నడుము కొలత, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు వంటివి స్వల్పకాలంలో మెరుగుపడినట్టు తేలింది. ప్రయోగాలు చిన్నవి, వ్యవధీ తక్కువే. చక్కెర, మైదా, చిరుతిళ్లు మానేసి కూరగాయలు పెంచితే ఆ మేలు కలగడంలో వింత లేదు. జొన్న, పెసర మానడం వల్లే అది వచ్చిందని చెప్పడానికి మాత్రం తగిన ఆధారం లేదు.

విందు ఇచ్చేవారికి ఈ తేడా పనికొస్తుంది. చక్కెర నిండిన సాస్‌ను మేడ మీదకు రానీయకపోతే అందరికీ మేలే. అతిథి ముందు నుంచి జొన్నరొట్టెను తీసేసినందువల్ల మాత్రం ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

మసాలాలో దాగినవి

పేలియో పాటించేవారిని బార్బెక్యూలో దెబ్బతీసేవి కంటికి కనిపించవు. బజారులో దొరికే తియ్యటి బార్బెక్యూ సాస్‌లు చాలావాటిలో రెండు టేబుల్ స్పూన్లకు 12 నుంచి 16 గ్రాముల చక్కెర ఉంటుంది. సోయా సాస్‌లో సోయాతో పాటు సాధారణంగా గోధుమ కూడా ఉంటుంది. మాల్ట్ వెనిగర్ బార్లీ నుంచి వస్తుంది. మన ఇంగువ డబ్బాలో కూడా ధాన్యం ఉండవచ్చు. పొడి ఇంగువలో మైదా లేదా గోధుమపిండి కలపడం మామూలే. కొన్ని తందూరీ మసాలా ప్యాకెట్లలో చక్కెర, మొక్కజొన్న పిండి, రంగు కలుస్తాయి. ప్యాకెట్ వెనుక చిన్న అక్షరాలు చదవడం ఈ వంటలో మొదటి పని.

వీటికి బదులు వాడగలిగేవి మన వంటింట్లోనే ఉన్నాయి. పెరుగు చేసే పని రెండు రకాలు: పులుపుతో మాంసాన్ని మెత్తబరచడం, ఆరిపోకుండా కాపాడటం. చిక్కటి కొబ్బరిపాలు, నిమ్మరసం కలిపితే ఆ రెండు పనులూ చాలావరకు జరుగుతాయి. అల్లం వెల్లుల్లి, పసుపు, మిరియాలు, ధనియాలు, జీలకర్ర, లవంగం, ఎండుమిర్చి వేటికీ అభ్యంతరం లేదు. రిఫైన్డ్ నూనె స్థానంలో కొబ్బరి నూనె సరిపోతుంది. గోంగూరను ఉడికించి పచ్చిమిర్చితో నూరి చికెన్‌కు పట్టిస్తే ఆ పులుపు ముందు కెచప్ గుర్తుకు రాదు.

కబాబ్‌కు శనగపిండి లేకపోతే విడిపోతుందన్న భయం అక్కర్లేదు. ఉల్లిపాయ తురుములో నీరు పూర్తిగా పిండేయాలి. ఖీమాను జిగురు వచ్చేదాకా చేత్తో బాగా పిసకాలి. కొద్దిగా గుడ్డు కలిపి, చువ్వకు గుచ్చే ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. ఖీమాలో కాస్త కొవ్వు ఉండేలా చూసుకుంటే పట్టు ఇంకా బాగుంటుంది.

ముందే ఉన్న వంటలు

పేలియో వంట కోసం విదేశీ పుస్తకాలు వెతకనక్కర్లేదు. అరకు, మారేడుమిల్లి ప్రాంతాల బొంగులో చికెన్ దాదాపుగా ఈ నియమాలకు సరిపోతుంది. మసాలా పట్టించిన కోడి ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో మూసి నిప్పుల మీద కాలుస్తారు. నూనె దాదాపు అక్కర్లేదు. వెదురులోని తేమకే మాంసం ఉడుకుతుంది. నిప్పు నేరుగా తగలదు కనుక మాడదు కూడా.

హైదరాబాద్ పత్థర్ కా గోష్త్ మరో మంచి నమూనా. పలుచగా కోసిన మటన్‌కు పచ్చి బొప్పాయి ముద్ద, అల్లం వెల్లుల్లి, మసాలాలు పట్టించి, బొగ్గుల మీద కాగిన రాతి పలక మీద కాలుస్తారు. పచ్చి బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైమ్ మాంసంలోని ప్రోటీన్లను విడగొట్టి మెత్తబరుస్తుంది. కిలో మటన్‌కు రెండు మూడు చెంచాల ముద్ద, కొన్ని గంటల సమయం చాలు. అంతకు మించితే ముక్క పిండిలా అయిపోతుంది. చికెన్‌కు, రొయ్యలకు బొప్పాయి వాడకపోవడమే మేలు.

చేపల్లో చందువ, వంజరం, పండుగప్ప గ్రిల్లుకు బాగా నిలబడతాయి. అరిటాకులో చుట్టి కాలిస్తే జల్లెడకు అంటుకోవు. ఖర్చు అదుపులో ఉండాలన్నా చేపలు, చికెన్ ఎక్కువగా ఉండాలి. హైదరాబాద్‌లో కిలో మటన్ 800 రూపాయలు దాటి చాలా కాలమైంది. మాంసాహారులు ఒక్కొక్కరికి ఎముకలేని పచ్చిమాంసం 200 నుంచి 250 గ్రాములు లెక్క వేస్తే చాలు. కాలాక అందులో దాదాపు పావు వంతు బరువు తగ్గుతుంది. మిగతా కడుపు నింపాల్సింది కూరగాయలు, దుంపలే.

సాసేజ్‌లు, సలామీలు వద్దనుకోవడానికి పేలియోను మించిన కారణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. మేక, గొర్రె వంటి ఎర్ర మాంసాన్ని ‘బహుశా కారకం’ అనే వర్గంలో ఉంచింది.

శాకాహార అతిథికి ఏం పెట్టాలి?

పేలియో జాబితా మన దగ్గర బొక్కబోర్లా పడేది ఇక్కడే. పప్పు, పనీర్, పెరుగు, సోయా, ధాన్యం అన్నీ తీసేస్తే శాకాహారికి ప్రోటీన్ ఇచ్చేవి గింజలు తప్ప పెద్దగా మిగలవు. గుడ్డు కూడా తినని ఇళ్లు మన దేశంలో ఎన్నో. అలాంటి అతిథి ముందు రెండు క్యాప్సికం ముక్కలు, ఒక పుట్టగొడుగు పెట్టి విందు అంటే బాగుండదు.

కాల్చిన కూరగాయలకు విందులో గౌరవమైన చోటు ఇవ్వడం మొదటి మార్గం. బొగ్గుల మీద పైతొక్క నల్లబడేదాకా కాల్చిన వంకాయను చింతపండు, పచ్చిమిర్చి, ఉల్లిపాయలతో నూరిన పచ్చడి తెలుగువారికి కొత్త కాదు. దానిలో పేలియోకు అడ్డొచ్చేది పోపులోని మినప్పప్పు, శనగపప్పు మాత్రమే. చిలగడదుంపను నిప్పుల్లో పాతిపెట్టి తీయడం, కందను ముందుగా ఉడికించి మసాలాతో కాల్చడం, అనాస చెక్కలపై మిరియాల పొడి చల్లి కాల్చడం అందరూ ఇష్టపడేవే. నూరిన జీడిపప్పు, కొబ్బరి ముద్ద పట్టించిన పుట్టగొడుగులు పనీర్ టిక్కా పక్కన కూడా నిలబడతాయి.

రెండో మార్గం ఇంకా సూటిది: శాకాహారులకు పనీర్, మొక్కజొన్న కూడా కాల్చి పెట్టడం. ఇంటివారు పేలియో పాటించడానికి అతిథి పనీర్ మానాల్సిన అవసరం లేదు. అయితే గ్రిల్లు విషయంలో జాగ్రత్త కావాలి. మాంసం రసం కారిన జల్లెడ మీద తమ కూరగాయలు కాల్చడాన్ని చాలామంది శాకాహారులు ఒప్పుకోరు. వారికి వేరే చిన్న కుంపటి పెట్టాలి. అది వీలుకాకపోతే శుభ్రమైన గ్రిల్లు మీద శాకాహారం ముందు పూర్తి చేసి, తర్వాతే మాంసం ఎక్కించాలి. పట్టుకార్లు, గిన్నెలు వేరుగా ఉండాలి. హలాల్ పాటించే అతిథులుంటే ఆ సంగతి మాంసం కొనే ముందే కనుక్కోవాలి.

మధుమేహం ఉన్నవారు పిలుపు అందుకుంటే

భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్ల మంది. 2023లో వెలువడిన లెక్క ఇది. ఎవరి విందులోనైనా అలాంటివారు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. అన్నం, రొట్టె లేని భోజనం వారికి మంచిదని ఇంటివారు అనుకోవడం సహజం. ప్రమాదం అక్కడే ఉంది.

ఇన్సులిన్, లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు రోజూ తినే పిండిపదార్థాన్ని లెక్కలో పెట్టుకునే మందు తీసుకుంటారు. మందు వేసుకొని వచ్చి రాత్రి పదింటిదాకా కబాబ్ ముక్కలతో సరిపెట్టుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మద్యం తోడైతే ముప్పు పెరుగుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మరో తరగతి మందులు వాడేవారు పిండిపదార్థాలను ఒక్కసారిగా బాగా తగ్గిస్తే కీటో అసిడోసిస్ అనే అత్యవసర స్థితికి చేరే అవకాశం ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాంసం మోతాదు వైద్యులే చెప్పాలి. పేలియో మొదలుపెట్టే ఇంటివారికీ ఈ జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

అందుకే రొట్టెల బుట్ట ఒకటి బల్ల మీద ఉండాలి. భోజనం వేళ ముందే చెప్పాలి, చెప్పిన వేళకు పెట్టాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ధాన్యాలను మానమనలేదు. రోజువారీ శక్తిలో వాటి వాటా 45 శాతం మించకుండా తగ్గించి, పప్పులు, కూరగాయలు, గింజలు పెంచమన్నాయి. రాగి, పాలు రెండూ మానేసే పేలియోలో కాల్షియం లోటుకు అవకాశం ఎక్కువ. ముళ్లతో తినే చిన్న చేపలు, ఆకుకూరలు, నువ్వులు ఆ లోటును కొంత తీరుస్తాయి.

నిప్పుతో జాగ్రత్త

మాంసాన్ని అధిక వేడిలో మాడ్చితే హెటెరోసైక్లిక్ అమీన్లు పుడతాయి. కొవ్వు బొగ్గుల మీద పడి లేచే పొగలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి. ఇవి జన్యుపదార్థాన్ని దెబ్బతీయగలవని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. మాంసం ఎక్కువగా తినే పేలియో అనుచరులు ఈ విషయంలో ఇతరులకన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ముక్కలకు ముందుగా మసాలా, నిమ్మరసం పట్టించి నానబెట్టడం, పెద్ద ముక్కలను సగం ఉడికించి గ్రిల్లుకెక్కించడం, తరచూ తిప్పడం, మంట లేకుండా బూడిద పట్టిన బొగ్గుల మీదే కాల్చడం, నల్లబడిన భాగం కోసి పారేయడం వీటిని తగ్గిస్తాయి.

మాడుతుందని భయపడి పచ్చిగా దించడమూ ప్రమాదమే. కోడిమాంసం లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్, ఖీమా 71, మటన్ ముక్కలు, చేపలు 63 డిగ్రీలు చేరాలన్నది అమెరికా వ్యవసాయ శాఖ ప్రమాణం. మటన్ ముక్కలను దించాక మూడు నిమిషాలు అలా ఉంచాలి. వండిన ఆహారం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. పచ్చి మాంసం నానిన మసాలాను కాలిన ముక్కల మీద మళ్లీ పూయకూడదు. పైపూతకు కావాల్సింది ముందే పక్కన తీసిపెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, బొగ్గుల కుంపటిని గదిలోకి తేకూడదు. ఉత్తర భారతంలో చలికాలంలో మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రలోనే కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యే కుటుంబాల వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. ఆ వాయువుకు వాసన ఉండదు. చలిగా ఉందని గ్రిల్లును అద్దాల బాల్కనీలోకి జరపడం కూడా అంతే ప్రమాదం.

ఒకే బల్ల, రెండు వరుసలు

వీటన్నిటినీ కలిపి చూస్తే విందు ఏర్పాటు అంత కష్టం కాదు. గ్రిల్లు మీద కాలేవన్నీ పేలియోకు సరిపోయే మసాలాతోనే చేయవచ్చు. కొబ్బరిపాల చికెన్‌లో పెరుగు లేదని అతిథికి తెలియాల్సిన పని లేదు, రుచికి లోటూ రాదు. పనీర్, మొక్కజొన్న, రొట్టెలు, పెరుగు చట్నీ, మజ్జిగ పక్క వరుసలో ఉంటాయి. కొబ్బరి నీళ్లు, ఉప్పు వేయని నిమ్మరసం, కోసిన పండ్లు రెండు వరుసలకూ మధ్యలో ఉంటాయి. దేనిలో ఏముందో చిన్న చీటీ మీద రాసిపెడితే జీడిపప్పు, గుడ్డు పడనివారికి అది ఎంతో అవసరం. ఇంటివారు తమ వరుసలోంచి తింటారు, అతిథులు రెండింటిలోంచీ తింటారు.

ఇక ఎవరో ఒకరు ‘ఒక్క రొట్టె తింటే ఏమవుతుంది’ అని బలవంతపెడతారు. నాకు వద్దు, మీరు తినండి అంటే చాలు. రాతియుగం మీద ఉపన్యాసం అవసరం లేదు. బుట్టలో ఉన్నవి జొన్నరొట్టెలైతే, ఆ వాదనలో గెలవడం కూడా అంత తేలిక కాదు.